నీడకీ మైలకీ ఒకే మాట

లద్దాఖ్ కొండల్లో చుమిక్ అనే ఊరు. అక్కడి పెద్ద కుటుంబం గోంగ్మా వాళ్ల ఇంటి గడప బయట, ఎడమవైపు గోడలో చిన్న గూడు ఉండేది. అందులో ఒక పింగాణీ కప్పు. అంచు ఒకచోట విరిగిపోయి ఉండేది. ఆ ఇంట్లో పండగైనా, పెళ్లైనా, చావైనా కున్‌జెస్ ఆంగ్మో వచ్చి ఆ కప్పు చేతిలోకి తీసుకునేది. లోపల్నుంచి ఎవరో ఒకరు చాయ్ కెటిల్ ఎత్తిపట్టి, కప్పుకి తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసేవాళ్లు. నిలబడే తాగేది. కప్పు తనే కడిగి, గూట్లో బోర్లించి, "జులే" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయేది. ఇరవై రెండేళ్లు అలాగే తాగింది. ఒక్కసారీ ఎందుకని అడగలేదు.

కున్‌జెస్ వాళ్లు గరాలు, అంటే కమ్మరులు. గోంగ్మా ఇంటి వంటగది మధ్యలో నడుమెత్తు నల్ల పొయ్యి ఉంది. చుట్టూ రాగి పువ్వులు. లేహ్ నుంచి వచ్చిన చుట్టాలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అది చేసింది కున్‌జెస్ తండ్రి ఇషే. ఆ ఇంటి గరిటెలూ, పట్టకార్లూ, తలుపు గొళ్లెం కూడా ఆయన కొలిమిలోంచి వచ్చినవే. ఇనుము లోపలికి వెళ్లింది, దాన్ని కొట్టిన మనిషి మాత్రం గడప ఇవతలే ఆగిపోయాడు. పొయ్యిని లోపల నిలబెట్టే పని కూడా ఇంటివాళ్లే చేసుకున్నారు. ఇషే బయట నిలబడి ఇటు తిప్పండి, అటు జరపండి అని కేకలు పెట్టాడట.

చుమిక్‌లో పదిమంది కూర్చుంటే అది వరసే. పొయ్యి పక్కన లామా, ఆయన తర్వాత ఊరి పెద్ద, తర్వాత వయసును బట్టీ ఇంటిని బట్టీ ఒక్కొక్కరు, అలా గుమ్మం దాకా. కమ్మరులకీ మేళగాళ్లకీ వరస చివర, గుమ్మం పక్కన చోటు. గోంగ్మా ఇంట్లో అదీ లేదు. మేళం అవసరం కాబట్టి మేళగాళ్లని గుమ్మం దాకా రానిచ్చారు, కమ్మరులని గుమ్మం అవతలే ఉంచారు. ఊరి బడిలో పాఠాలు చెప్పుకునే నేను ఆ వరస మధ్యలో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఆ చాయ్ తాగాను. గూట్లో కప్పుని చూస్తూనే తాగాను.

కున్‌జెస్‌కి లోపల చోటు లేకపోవడానికి వాళ్లు చెప్పే కారణం ఒక్క మాట, డిప్. అంటే మైల. గరా వాళ్లు తాకిన కప్పుకి డిప్, వండిన అన్నానికి డిప్, తొక్కిన గడపకి డిప్. లద్దాఖీలో ఈ మాటకి ఇంకో అర్థం ఉంది. కొండ నీడ పడితే దాన్నీ డిప్ అనే అంటారు. "డిప్‌లో కూర్చోకే, జలుబు చేస్తుంది" అని తల్లులు పిల్లల్ని కేకలేస్తారు. ఈ కథంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

*

మూడేళ్ల కిందట వేసవిలో లేహ్ నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. ఊళ్లో ఒక పేద ఇంటికి గ్రీన్‌హౌస్ కట్టిస్తామన్నారు. కట్టెలు వద్దు, కరెంటు వద్దు. మూడు పక్కలా మందపాటి మట్టి గోడలు, దక్షిణం వైపు వాలుగా ప్లాస్టిక్ పట్టా. పగలంతా గోడ ఎండ తాగి, చీకటి పడ్డాక ఆ వేడిని మెల్లగా వదులుతుంది. బయట మైనస్ ఇరవై ఉన్నా లోపల పాలకూర పెరుగుతుంది. ఆరు నెలలు ఎండబెట్టిన ముల్లంగీ, ఎండబెట్టిన టర్నిప్ ఆకూ తప్ప మరోటి ఎరగని ఊళ్లో ఇది ఎంత పెద్ద సంగతో చెప్పక్కర్లేదు.

చీటీ వేశారు. కున్‌జెస్ పేరు వచ్చింది.

ఆ ఏడాది ఊరి పెద్ద గోంగ్మా ఇంటి లుండుప్. మంచి మాటకారి. సంస్థ వాళ్ల ముందే కున్‌జెస్‌ని పిలిచాడు.

"కాగితం మీద పేరు నీదే ఉంటుంది కున్‌జెస్. ఎవరూ తీసెయ్యరు. కానీ నేల? ఊరి చివర నీ రాళ్లగుట్ట మీద ఏం మొలుస్తుంది చెప్పు, ఇనప మేకులా?"

అందరూ నవ్వారు. తనూ నవ్వాడు.

"ఏటి దగ్గర నా పొలం ఉంది. పక్కనే నీళ్లు. అక్కడ కడదాం. పండింది ఊరంతా తింటుంది. పని నువ్వు చేద్దువుగాని."

"అచో-లే," అంది కున్‌జెస్. పెద్దవాళ్లని అన్నగారూ అని పిలిచినట్టు అక్కడ అలాగే అంటారు, అక్కగారినైతే అచే-లే అంటారు. "ఆ పొలంలో చలికాలం..."

"గరా వాళ్ల నోరు కొలిమి దగ్గర తెరుచుకుంటే చాలు. ఇక్కడ ఇంజనీర్లు ఉన్నారు."

నోరు మూసుకుంది. ఆమె చెప్పబోయింది ఇంతే. గరా వాళ్లకి ఊరు ఇచ్చింది ఎవరికీ అక్కర్లేని మెరక, నీటి కాలవ అందని రాళ్ల నేల. అయితే చలికాలం పొద్దు పొడిచిన దగ్గర్నుంచి కుంగేదాకా ఎండ ఉండేది ఆ మెరక మీదే. చిన్నప్పుడు కొలిమి తిత్తి ఊదుతూ కింద ఊరి మీద నీడ ఎటు కదులుతుందో చూసేది. గడియారం లేని ఇల్లది. నీడ ఏటి పొలం దాటితే మధ్యాహ్నం చాయ్, గోంగ్మా ఇంటి మెట్టు తాకితే మేకల్ని తోలుకు రావాలి. డిసెంబరులో లుండుప్ పొలానికి పదింటికి ఎండ వస్తుందని, పన్నెండు కాగానే దక్షిణపు కొండ కొమ్ము వెనక్కి పోతుందని ఆమెకి నలభై ఏళ్లుగా తెలుసు. లుండుప్‌కి తెలీదు. పొలం మంచు కింద నిద్రపోయే రోజుల్లో అక్కడికెవరు వెళ్తారు? పైగా చలికాలం సగం ఆయన లేహ్ ఇంట్లోనే ఉంటాడు.

జూలై అంతా కున్‌జెస్ ఇటుకలు పోసింది. పదకొండు వందలు. మట్టి తొక్కడం, అచ్చు కొట్టడం, ఎండలో తిరగేయడం. రెండు వరసల గోడ లేపి మధ్య జానెడు సందు వదిలి, అందులో గడ్డి కూరింది. ఆ గడ్డి ఆమె సొంత ఆవు తినాల్సింది. గోడలు లేచాక లామా వచ్చి పూజ చేశాడు. నేలలో లూ ఉంటుంది, మట్టికీ నీటికీ కావలి కాసే నాగదేవత. పూజయ్యాక అందరూ లోపలికి వెళ్లారు. కున్‌జెస్ తను కట్టిన గోడకి తను వదిలిన గుమ్మంలో కాలు పెట్టబోతే లుండుప్ భార్య డోల్కర్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడొద్దమ్మా. లూకి కోపం వస్తుంది. నీ డిప్ తగిలితే పంట రాదు."

"మరి ఇటుకల్ని తొక్కిన కాళ్లు నావే కదా అచే-లే?"

"ఇటుక ఎండలో ఎండింది కదా, పోయిందిలే అది."

కున్‌జెస్ కాలు వెనక్కి తీసుకుంది. గోడ పక్కన నిలబడి లోపల వాళ్ల నవ్వులు వింది. చాలా రోజుల తర్వాత నాతో అంది: "అక్కా, కప్పు సంగతి అలవాటైపోయింది. కానీ నేను కట్టిన గోడ నన్ను బయట పెడుతుందనుకోలేదు. ఆ రోజే అనుకున్నాను, వీళ్లకి నేను చెప్పాల్సింది చెప్పను."

పది రోజులకి ఇంజనీరు పట్టా తీసుకుని వచ్చాడు. లేహ్ మనిషే. జాగ్రత్త గలవాడు. అటూ ఇటూ తిరిగి, దక్షిణపు కొండ వైపు చెయ్యి చాపి కొలిచి, తల గోక్కున్నాడు.

"చలికాలం ఇక్కడ డిప్ పడదు కదా?" అని లుండుప్‌ని అడిగాడు.

"నా పొలం మీదా? పొద్దున్నే ఎండ ముందు నా పొలం మీదే వాలుతుంది!"

ఇంజనీరుకి నమ్మకం కుదరలేదు. ఇటుక అచ్చు కడుగుతున్న కున్‌జెస్ కనిపించింది. "అచే, నువ్వు చెప్పు. ఇక్కడ డిప్ ఉందా?"

ఊళ్లోవాళ్లు ఇరవై మంది ఉన్నారక్కడ. నేనూ ఉన్నాను. కున్‌జెస్ అచ్చు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఎంతో వినయంగా అంది:

"డిప్ అంతా మా ఇంట్లో ఉంటుందండీ. గోంగ్మా వాళ్ల నేల మీద డిప్ ఎక్కడుంటుంది?"

ఒక్క క్షణం తర్వాత అందరూ పగలబడి నవ్వారు. లుండుప్ కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. "చూశారా, గరాకి కూడా తెలుసు!" అన్నాడు. ఇంజనీరు కూడా నవ్వేసి, కాగితంలో నీడ లేదు అని రాసుకున్నాడు.

ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. వాళ్లు ఆమెకి నేర్పిన పాఠమే ఆమె అప్పజెప్పింది.

*

సెప్టెంబరులో కున్‌జెస్ తన మెరక మీద ఇంకో గోడ లేపడం మొదలుపెట్టింది. అడిగితే "మేకల కొట్టం" అంది. పగిలిన ఇటుకలూ, వంకరవీ, లుండుప్ వాళ్లు వద్దని పక్కకి తోసినవీ మోసుకొచ్చి పేర్చింది. పట్టా కొత్తది దొరకదు. ఆప్రికాట్లు ఎండబెట్టే కొట్టాల మీద చిరిగినవి ఎవరు పారేసినా తెచ్చి, రెండు పొరలుగా కుట్టింది. చీకటి పడ్డాక కప్పడానికి సైన్యం వాళ్లు పారేసిన పారాచూట్ గుడ్డ. లోపలి గోడకి నల్లరంగు పూయమని సంస్థ వాళ్లు చెప్పారు, నలుపైతే ఎండ బాగా తాగుతుందట. రంగు డబ్బా ఎక్కడిది? ఇషే కొలిమి చిమ్నీలోంచి నలభై ఏళ్ల మసి గీకింది. జిగురులో కలిపి పూసింది.

ఇషేకి డెబ్భై ఎనిమిది. చూపు సగం పోయింది. గోడ తడిమి, చేతికంటిన మసి చూపించి నవ్వాడు.

"దీన్ని చూసే కదే మనల్ని బయట కూర్చోబెట్టింది."

"అబా-లే, ఇప్పుడు దీన్ని అడుక్కోవడానికి వస్తారు చూడు."

"రారే. వాళ్లు చస్తారు కానీ రారు."

"వస్తే ఏం కావాలి నీకు?"

ముసలాయన చేతి మసి బట్టలకి తుడుచుకున్నాడు. తర్వాత, "ఆ పొయ్యిని ఒకసారి వెలిగి ఉండగా చూడాలి. చల్లగా ఉన్నప్పుడే తీసుకెళ్లిపోయారు," అన్నాడు.

కున్‌జెస్ పగ పెంచుకున్నది ఆ పొయ్యి కోసమే. మిగతావన్నీ దాని వెనక వచ్చినవి.

పాలకూర, ధనియాలు, వెల్లుల్లి, టర్నిప్ ఆకు వేసింది. మేకల పెంట వేసింది. నీళ్లు పొద్దున మాత్రమే పోసేది. సాయంత్రం పోస్తే వేళ్లు గడ్డకడతాయి. మధ్యాహ్నం లోపల ఆవిరి పట్టి పట్టా మీద చుక్కలు కారుతుంటే తలుపూ పై కిటికీ తెరిచేది. జాలిపడి తెరవకపోతే ఆకు కుళ్లుతుంది. నీడ గోంగ్మా ఇంటి మెట్టు తాకగానే అన్నీ మూసి గుడ్డ దించేది. గడియారం ఇప్పటికీ అదే.

లుండుప్ గ్రీన్‌హౌస్‌లో పనికి ఆమెని పిలవలేదు. డిప్ కదా. డోల్కర్ చెల్లెలు చూసుకునేది. నవంబరు దాకా బాగానే పెరిగింది. లుండుప్ లేహ్ వెళ్లి అందరికీ చెప్పాడు: కొత్త ఏటి పండగ లోసార్ అయ్యాక కొడుకు పెళ్లి, ఆ పెళ్లిలో ప్రతి కప్పులో పచ్చాకు ఉంటుంది, డిసెంబరులో, చుమిక్‌లో! పెళ్లికూతురి వాళ్లు నుబ్రా వైపు పెద్ద ఇల్లు. వాళ్లకీ కబురు పంపాడు.

డిసెంబరు మొదటి వారం నీడ దిగింది. మూడో రోజుకి పాలకూర గాజు అయిపోయింది. ముట్టుకుంటే విరిగింది. నీళ్ల డబ్బాలో నీరు గడ్డకట్టి డబ్బా చీలిపోయింది. డోల్కర్ చెల్లెలు లోపల బుఖారీ కుంపటి పెట్టి కట్టెలు వేస్తే పొగకి మిగిలిన ఆకూ మాడింది. నేను చూడ్డానికి వెళ్లాను. నల్లబడిన ఆకుల మధ్య ఆమె గోనెపట్టా కప్పుకుని ఏడుస్తోంది.

"లూకి కోపం వచ్చింది టీచర్-లే," అంది.

మెరక మీద పట్టా తళతళ మెరుస్తోంది, అటు చూశాను.

*

పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుందనగా డోల్కర్ మెరక ఎక్కింది. తలుపు తెరవగానే కొత్తిమీర వాసన గుప్పున కొట్టింది. ఆమె గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. మేకల కొట్టం అనుకున్న చోట మోకాలెత్తు పాలకూర!

"రండి అచే-లే, లోపలికి రండి. ఇక్కడ ఎవరికీ అడ్డం లేదు."

డోల్కర్ లోపలికి రాలేదు. బయటనుంచే అడిగింది. నాలుగు బుట్టలు కావాలంది.

"అయ్యో, గరా వాళ్ల ఆకు పెళ్లి కప్పులో పెడితే లూకి కోపం రాదూ?"

"ఊరుకో కున్‌జెస్. పచ్చి ఆకుకి డిప్ ఏమిటి? వండినదానికి కదా డిప్."

కున్‌జెస్ ఆకు కోస్తూనే ఉంది. తలెత్తలేదు.

"అయితే పచ్చిది ఇవ్వను. వండి ఇస్తాను."

"ఏంటీ?"

"నా పొయ్యి మీద, నా చేత్తో వండుతాను. థుక్పా పులుసు. అలా అయితేనే. లేదంటే మా మేకలకి పెడతాను, పాపం అవి ఎండు గడ్డితో విసిగిపోయాయి."

డోల్కర్ తిట్టుకుంటూ దిగిపోయింది. సగం దారిలో కాలు జారి, లేచి, వెనక్కి తిరిగి మళ్లీ తిట్టింది. కున్‌జెస్ పైనుంచి "జాగ్రత్త అచే-లే, అక్కడ డిప్ ఉంది, మంచు కరగదు!" అని కేకేసింది.

మర్నాడు లుండుప్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. కున్‌జెస్ పీట వేసింది. కూర్చోలేదు.

"నీకు ముందే తెలుసు కదూ, నా పొలంలో నీడ సంగతి?"

"తెలుసు."

"చెప్పొచ్చు కదా!"

"చెప్పబోయాను అచో-లే. కొలిమి దగ్గర మాత్రమే నోరు తెరవమన్నారు."

లుండుప్ మొహం ఎర్రబడింది. నుబ్రా వాళ్లు ఎనభై మంది వస్తున్నారు. ఎండు ముల్లంగి పెడితే తరతరాలు చెప్పుకుంటారు. గోంగ్మా ఇంటి పరువంతా ఆ మసి గోడకి ఆనుకుని పెరుగుతోంది. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"సరే, వండు. నాలుగు డేగిసాలు. మా వాళ్లు వచ్చి మోసుకుపోతారు. కానీ వండింది నువ్వని ఒక్కరికీ చెప్పకూడదు. ఒట్టెయ్యి."

కున్‌జెస్ పీట పక్కకి జరిపింది. "నా అంతట నేను చెప్పను. ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం ఆడను. అది ఒప్పుకుంటారా?"

"ఎవరడుగుతారు!" అన్నాడు లుండుప్.

తొందరలో ఆయన ఒకటి మర్చిపోయాడు. చుమిక్‌లో పెళ్లి భోజనం బాగుంటే పెళ్లికూతురి తరఫు పెద్ద లేచి, వండినదెవరని అడిగి, ఆ మనిషి మెళ్లో తెల్లటి ఖతక్ కండువా వేస్తాడు. భోజనం బాగుండకూడదని ఏ పెళ్లికొడుకు తండ్రి కోరుకుంటాడు?

*

ఆ రోజు గోంగ్మా వంటగదిలో పొయ్యి ఎర్రగా మండుతోంది. వరస పొయ్యి దగ్గర మొదలై మూడు గదులు తిరిగి గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దగ్గర మేళం వాయించే ముసలాయన, ఆయన డమన్ డోళ్లు. గుమ్మం అవతల, మంచులో, కున్‌జెస్. పక్కన పీట మీద ఇషే. చేతిలో విరిగిన కప్పు. వంతులవారీగా ఇద్దరూ అదే కప్పులో తాగుతున్నారు.

థుక్పా వచ్చింది. పైన పాలకూర, వెల్లుల్లి ఆకు, చివర్లో చల్లిన కొత్తిమీర. నుబ్రా వాళ్లు కప్పులు పైకెత్తి ఒకరికొకరు చూపించుకున్నారు. ఒకాయన ఆకు వేలితో తీసి నిజమా కాదా అని చూశాడు. రెండోసారి పోయించుకోని వాళ్లు లేరు. నేను మూడుసార్లు పోయించుకున్నాను.

పెళ్లికూతురి మేనమామ లేచాడు. తెల్ల గడ్డం, పెద్ద గొంతు. ఖతక్ చేతుల మీద పరుచుకుని అడిగాడు:

"డిసెంబరులో మాకు వసంతం పెట్టిన చెయ్యి ఎవరిది? వండింది ఎవరు?"

లుండుప్ డోల్కర్ భుజం తట్టాడు. డోల్కర్ లేచి తల వంచింది. ఖతక్ ఆమె మెడ మీద పడబోతోంది.

"ఆగండి తాతగారూ."

కున్‌జెస్ గడప దాటింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. బూట్ల మంచు కూడా దులుపుకోలేదు. వరస పక్కనుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ పొయ్యి దాకా నడిచింది.

"మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. వండింది నేను. కమ్మరి ఇషే కూతురు కున్‌జెస్ ఆంగ్మోని. ఆకు నాది, ఉప్పు నాది, పొయ్యి నాది."

ఎవరో కప్పు కింద పెట్టిన చప్పుడు. ఒక ముసలామె పొట్ట పట్టుకుంది. మేనమామ ఖతక్ పట్టుకున్న చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. వెయ్యాలో వద్దో తెలీక లామా వైపు చూశాడు. లామా తన కప్పు వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది.

కున్‌జెస్ ఆయన వేస్తాడని ఆగలేదు. ఆయన చేతుల మీంచి ఖతక్ తీసుకుని తన మెళ్లో తనే వేసుకుంది.

"మీరందరూ తిన్నారు. రెండేసి సార్లు తిన్నారు. నా డిప్ ఇప్పుడు మీ అందరి కడుపుల్లో ఉంది. ఇక నేనెక్కడ కూర్చోవాలో చెప్పండి. గుమ్మం అవతలైతే, మీరందరూ కూడా అక్కడికే రావాలి."

గుమ్మం దగ్గర మేళం ముసలాయన డమన్ మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. ఎవరూ ఆపలేదు.

ఆరుగురు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కూర్చునే ఉన్నారు. మంచితనం వల్లో, కడుపులో ఉన్నదాన్ని ఏం చెయ్యాలో తెలీకో చెప్పలేను. లుండుప్ గోడకి ఆనుకుని, "ఒట్టేశావు కదే..." అని గొణిగాడు. "అడిగారు కదా అచో-లే," అంది ఆమె.

బయటికెళ్లి తండ్రిని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. ఊరి పెద్ద చోట్లో, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. ఇషేకి మంట ఎర్రటి మరకలా కనబడి ఉంటుంది. చెయ్యి చాపి, కాలకుండా వేడిని చూసి చూసి, పొయ్యి అంచు తడిమాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈ రివిటు వంకరగా పడిందే. ఆ రోజే సరిచేద్దామనుకున్నాను. లోపలికి రానివ్వలేదు."



వెళ్లేటప్పుడు కున్‌జెస్ గూట్లో కప్పు తీసి జేబులో వేసుకుంది.

*

తర్వాత ఊళ్లో మైల పోవడానికి వేసే జూనిపర్ పొగ చాలా లేచింది. కడుపు శుద్ధి చేసుకున్నవాళ్లున్నారు. కున్‌జెస్ ఇంటికి నెల రోజులు నిప్పు ఇవ్వనివాళ్లున్నారు. కమ్మరి కొలిమికి నిప్పు ఇవ్వకపోవడం ఏమిటో! గోంగ్మా కొత్త కోడలు మాత్రం వారానికోసారి మెరక ఎక్కి ఆకు తీసుకెళ్తుంది. లోపలికి వచ్చి కూర్చుంటుంది. మామగారి కంటే ఆమెకి ఆకలి ఎక్కువ కాబోలు.

ఫిబ్రవరిలో లుండుప్ కూడా వచ్చాడు. తల్లికి జబ్బు, ఆకుకూర పెట్టమన్నారట. నేను అక్కడే ఉన్నాను. కున్‌జెస్ ఆయన్ని పీట మీద కూర్చోబెట్టలేదు. తన గడప బయట, ఎడమవైపు, కొత్తగా తొలిచిన గూడు చూపించింది. అందులో అంచు విరిగిన కప్పు. లుండుప్ చాలాసేపు దాన్ని చూసి, చేతిలోకి తీసుకున్నాడు. ఆమె కెటిల్ ఎత్తిపట్టి, జానెడు ఎత్తు నుంచి పోసింది. తాగాడు. కడిగాడు. బోర్లించాడు. బుట్ట నిండా ఆకు తీసుకుని, "జులే" అని దిగిపోయాడు.

"ఇంకెన్నాళ్లు కున్‌జెస్?" అన్నాను.

"ఇరవై రెండేళ్లు అక్కా. ఒకటో ఏడు మొదలైంది."

"క్షమించకూడదా?"

"వాళ్లు ఎప్పుడైనా అడిగారా?"

ఇషే ఆ మార్చిలో పోయాడు. కొలిమి చల్లారింది, గోడ మీద మసి అలాగే ఉంది, దాని కింద కొత్తిమీర ఇప్పుడు మూడో చలికాలం పెరుగుతోంది. లుండుప్ మూడో ఏడూ ఆ కప్పులోనే తాగుతున్నాడు.

ఆమె చేసింది తప్పో ఒప్పో మీరు తర్వాత తేల్చుకోండి. ముందు ఒక పని చెయ్యండి. ఈ పేజీ పక్కన పెట్టి, లేచి, మీ ఇంటి పెరట్లోకో, వంటగది కిటికీ గట్టు మీదకో వెళ్లి చూడండి. పనిమనిషి కోసమో, చెత్త తీసే ఆయన కోసమో విడిగా పెట్టిన గ్లాసు ఉంటుంది. స్టీలుదో, పగిలిందో, పాత జామ్ సీసానో. దాన్ని లోపలికి తెచ్చి మీ గ్లాసుల మధ్య పెట్టండి. ఈ పూట కాఫీ అందులో మీరే తాగండి. రేపు ఆమె వచ్చినప్పుడు మీ చేతిలో ఉన్న గ్లాసు ఆమెకి ఇవ్వండి, కూర్చోమనండి. వచ్చే పెళ్లిలో వండినవాళ్లని మీ పంక్తిలో మీ పక్కన కూర్చోబెట్టండి. పక్కవాళ్లు లేచిపోతే పోనివ్వండి.

ఇరవై రెండేళ్లు ఆగకండి. మీ వీధిలో కూడా ఎవరో లెక్కపెడుతూ ఉంటారు.